ఆషాఢంలో చూపులు

జువ్వ తప్పిపోయిన రోజు ఆదివారం. ఆ రోజు ఏమేం జరగాలో సూర్యప్రకాశం మాస్టారు ముందు రోజే ఒక తెల్లకాగితం మీద రాసి పెట్టుకున్నారు. ఆరు గంటలకు కాలవగట్టు మీద పరుగు. ఎనిమిదింటికి స్నానం. తొమ్మిదింటికి పెరుగన్నం, కడుపునిండా. అక్కణ్ణించి నాలుగింటి దాకా నిద్ర. నాలుగింటికి బంగార్రాజుగారు వచ్చి చూస్తారు. ఈ అంశాలన్నీ కుక్కకు సంబంధించినవి. ఇరవై ఆరేళ్ళుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్న మనిషి కాబట్టి ఏ పనికైనా ముందు ప్రణాళిక రాసుకోవడం ఆయనకు అలవాటు. మొదటి అంశం పూర్తి కాకముందే కుక్క తప్పిపోయింది.

జువ్వ రెండేళ్ళ ఆడకుక్క. ఎర్రటి ఒళ్ళు, సన్నని నడుము, పొడుగు కాళ్ళు. ముందు కుడికాలు మాత్రం మోకాలి దాకా తెలుపు. ఏ జాతో ఎవరికీ తెలియదు. దాన్ని తెచ్చిందీ పేరు పెట్టిందీ మాస్టారి భార్య సీతారామలక్ష్మి. దీపావళి జువ్వ అంటించాక ఎటు పోతుందో అంటించినవాళ్ళకు కూడా తెలియదు కదా, అందుకని ఆ పేరు. అది నిద్ర లేస్తూనే నూతి చుట్టూ ముప్ఫై చుట్లు తిరిగేది. ఐదడుగుల గోడను ఒక్క దూకులో దాటేది. దాటాక అవతల ఏమీ లేదని గ్రహించి మళ్ళీ ఇవతలికి దూకేది. పోస్టుమాన్ ఆ ఇంటి ఉత్తరాలను వీధిలోంచే విసిరి పోయేవాడు, అవి నేలను తాకేలోపే జువ్వ అందుకునేది. మాస్టారింట్లో చెప్పులు నాలుగు జతలు ఉండేవి, ఇప్పుడు నాలుగు ఎడమకాలి చెప్పులు ఉన్నాయి. అది కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఆ వీధి మొత్తం మీద ఇద్దరే. వారిలో ఒకరు ఇప్పుడు లేరు.

సీతారామలక్ష్మి మాఘమాసంలో పోయారు. ఆమె ఉన్నన్నాళ్ళూ జువ్వను పరిగెత్తించడం ఒక సమస్య అని మాస్టారికి తెలియదు. ఆమె పెరటి మెట్టు మీద కూర్చుని బెండకాయలు తరుగుతూనే, తలెత్తకుండా, ఒక ఎండు కొబ్బరిచిప్పను విసిరేవారు. జువ్వ తెచ్చేది. మళ్ళీ విసిరేవారు. కూర తరగడం అయ్యేసరికి జువ్వ ఆమె పక్కన కూర్చుని ఉండేది. మాస్టారు కూడా విసిరి చూశారు. జువ్వ రెండుసార్లు తెచ్చి, మూడోసారి ఆయన ముఖంలోకి చూసి, గోడ దూకి పోయింది. ఆయన విసరడంలో ఏదో లోపం ఉంది. అదేమిటో కుక్కకు తెలుసు.

మాస్టారు ఉండేది అచ్చాయమ్మగారింట్లో వెనక వాటా. ముందు వాటాలో అచ్చాయమ్మగారు ఒక్కరే ఉంటారు. ఆవిడ ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీదుగా జువ్వ ఒకే వారంలో మూడుసార్లు పరిగెత్తింది. మూడోసారి ఆవిడ వెనక వాటా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"సీతమ్మ మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నానండి మాస్టారూ. వచ్చే ఆదివారం దాటితే ఆ కుక్కన్నా ఖాళీ చెయ్యాలి, మీరిద్దరన్నా ఖాళీ చెయ్యాలి."

"అలాగేనండి," అన్నారు మాస్టారు. అన్నాక లోపలికి వెళ్ళి కూర్చున్నారు. ఆ వాటాలో పధ్నాలుగేళ్ళుగా ఉంటున్నారు. వంటింట్లో డబ్బాల మీద సీతారామలక్ష్మి చేతిరాతతో అంటించిన చీటీలు ఇంకా ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేయడం అనే మాటను ఆయన మనసులో ఎన్నిరకాలుగా పేర్చినా అది వాక్యంగా కుదరలేదు. కుక్కను వీధిలో వదిలేయడం అనేది అసలు పేర్చనే లేదు.

గడువు పెట్టిన అచ్చాయమ్మగారే రెండు రోజుల తర్వాత మార్గం కూడా తెచ్చారు. ఆవిడ ఇప్పటికి పదకొండు పెళ్ళిసంబంధాలు కుదిర్చారు. పదకొండూ నిలబడ్డాయి. ఆ చేతికి పన్నెండోది తగిలింది.

"మా తోటికోడలి అన్నగారు బంగార్రాజుగారని ఉన్నార్లెండి. ఆకివీడు అవతల చేపల చెరువులు. ఓ కుక్క కావాలని మా తోటికోడలితో అన్నారంట. పెద్ద లోగిలి, పాడి ఉంది. మహారాణిలా పడుంటుంది."

"కుక్క ఆయనకి ఎందుకు కావాలో అడిగారాండి?"

"సంబంధం వెతుక్కుంటూ వస్తే ఎందుకని అడుగుతామాండి? నేనైతే కబురు చేసేశాను. పిల్ల నెమ్మదస్తురాలు, గడప దాటదు, నోట్లో నాలుక లేదు అని."

"కుక్కకి నోట్లో నాలుక లేదంటే బాగుండదేమోనండి."

"మీరూరుకోండి. పదకొండు మందికీ అదే చెప్పాను. ఆదివారం నాలుగింటికి చూపులు."

"ఆషాఢం కదండి."

"కుక్కకి ఆషాఢమేంటండీ!"

తన వంతుగా మాస్టారు ఆనవాళ్ళు తెలుపుతూ బంగార్రాజుగారికి ఒక ఉత్తరం రాశారు. వయస్సు, ఎత్తు, రంగు, ముందు కుడికాలు తెలుపు. చివర 'ఈ కుక్కను నా భార్య పెంచుచున్నది' అని రాసి, చదువుకుని, 'పెంచుచున్నది' కొట్టివేసి 'పెంచినది' అని దిద్దారు. అబద్ధం ఒక్కటీ లేదు. అలసట తెలియని జంతువు అనే సంగతి మాత్రం రాయలేదు. అది వచ్చినాయన కంటబడకుండా ఉండాలంటే కుక్క నిద్రపోతూ ఉండాలి, నిద్రపోవాలంటే అలిసిపోవాలి. కాబట్టి కాలవగట్టు మీద పరుగు.

ఆదివారం ఉదయం ఆరింటికి జువ్వ మెడకు తాడు కట్టి, రెండో కొస సైకిలు హ్యాండిలుకు గంట పక్కన ముడివేసి, మాస్టారు కాలవగట్టు ఎక్కారు. మొదటి అరమైలు ప్రణాళిక ప్రకారమే సాగింది, కాకపోతే సైకిలు తొక్కే పని కూడా జువ్వే చూసుకుంది. మలుపు తిరగగానే పక్క చేలో ట్రాక్టరు దమ్ము చేస్తోంది. నాట్లకు ముందు నీరు పెట్టి దున్నుతుంటే లేచే పురుగుల కోసం దాని వెనక రెండు వందల కొంగలు నడుస్తున్నాయి. జువ్వ వాటిని చూసింది.

తర్వాత జరిగిన వాటి వరుస మాస్టారికి సరిగా తెలియదు. తెలిసేసరికి ఆయన గట్టుకింద తుంగలో ఉన్నారు, సైకిలు ఆయన మీద ఉంది, గంట సైకిలు మీద లేదు. తాడుతో పాటు ఊడి వెళ్ళిపోయింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచి లాకుల వైపు మళ్ళాయి. వాటి కింద ట్రింగు ట్రింగుమని గంట మోగుకుంటూ పోతోంది. గట్టు మీద వెళ్తున్న ఒక పెద్దమనిషి వెనక సైకిలు వస్తోందనుకుని పక్కకు తప్పుకున్నాడు. చాలాసేపు తప్పుకునే ఉన్నాడు.

మాస్టారు తరగతిలో తప్ప గొంతెత్తి ఎరగరు. లేచి నిలబడి, బురద తుడుచుకుని, "జువ్వా!" అని ఒక్కసారి పిలిచారు.

"దీపావళికి ఇంకా చాన్నాళ్ళుందండి మాస్టారూ," అన్నాడు ఆ పెద్దమనిషి.

పన్నెండింటి దాకా వెతికారు. కల్లుపాక దగ్గర అడిగితే, "ఇప్పుడే వెళ్ళిందండి, ఏం పరుగండీ అది!" అన్నారు. ఇటుకల బట్టీ దగ్గర అడిగితే, "ఇప్పుడే వెళ్ళింది, పనాపి చూశామండి," అన్నారు. అంతటా ఆయన కొద్దిలో ఆలస్యం. ఎక్కడా అది ఏమీ పాడు చేయలేదు, ఎవరూ ఒక్క ఫిర్యాదు చేయలేదు. రోజుకు రెండు ఫిర్యాదులు వినే అలవాటున్న మనిషికి దాంతో ఆందోళన ఎక్కువైంది.

ఒంటిగంటకు ఖాళీ చేతులతో ఇల్లు చేరేసరికి అచ్చాయమ్మగారు ఉప్మాకి జీడిపప్పు వేయిస్తున్నారు. సంగతి విని గరిటె కింద పెట్టారు. ఇద్దరూ టెలిఫోను బూత్‌కి వెళ్ళి ఆకివీడుకు ఫోను చేశారు. బంగార్రాజుగారు పొద్దున్నే జీపులో బయల్దేరారని, తణుకులో పని చూసుకుని అటునుంచి అటే వస్తారని, వాళ్ళ కోడలు చెప్పింది.

"ఇప్పుడేం చేద్దామండి?" అన్నారు మాస్టారు.

"చేసేదేముంది, ఇంకోదాన్ని చూపిద్దాం."

"ఇంకోదాన్నా?"

"మా పెదనాన్నగారి ఇంట్లో జరగలేదా? చూపించింది చిన్నదాన్ని, పీటల మీద కూర్చుంది పెద్దది. ఇప్పుడు మనవలకి కూడా పెళ్ళిళ్ళయ్యాయి."

"అది మోసం కదండి."

"ఎలా మోసమండీ? అక్కడ చూపించినదానికంటే తక్కువది వెళ్ళింది. ఇక్కడ మనం తక్కువది చూపిస్తాం, రేపు జువ్వ దొరగ్గానే ఎక్కువది పంపిస్తాం. ఆయనకి లాభమేగానీ నష్టముందా? మిమ్మల్ని అబద్ధమాడమని నేననను. అడిగినదానికి నిజమే చెప్పండి."

ఈ వాదంలో తప్పుందని మాస్టారికి తెలుసు. దాన్ని వివరించడానికి ఒక పీరియడు పడుతుంది. టైము రెండున్నరైంది.

వీధి చివర రైసుమిల్లులో ఒక ఎర్రకుక్క ఉంది. పొద్దస్తమానం ఆఫీసు గది గుమ్మంలో కదలకుండా కూర్చుంటుంది కాబట్టి దాన్ని గుమస్తా అంటారు. మిల్లు వాచ్‌మాన్ గంగరాజు దాన్ని తోపుడుబండి మీద తీసుకొచ్చాడు.

"నడిపించుకుని రాకూడదా గంగరాజూ?" అన్నారు అచ్చాయమ్మగారు.

"దానికి చెప్పి చూడండమ్మా. ఆరింటికల్లా పంపెయ్యాలండి. అది గుమ్మంలో లేకపోతే మా షావుకారుగారు మిల్లు తియ్యలేదనుకుంటారు."

గుమస్తాను చాప మీదికి దించాక ఆవిడ పరీక్షగా చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "ఓరి నాయనోయ్! ఇది మగది కదయ్యా!"

"మీరు కుక్క కావాలన్నారు గానీ ఆడకుక్క అన్లేదు కదండి? అయినా కూర్చుంటే తెలీదమ్మా. ఇది లేవదు. మొన్న వానకి చూరు నీళ్ళు నెత్తినే పడుతుంటే చూస్తా పడుకుంది."

ఇక తెల్లకాలు. అచ్చాయమ్మగారు తాంబూలం సున్నం తెచ్చారు. దానివల్ల కాలు పొక్కుతుందని మాస్టారు ఒప్పుకోలేదు. చివరికి బడిసంచిలోంచి రెండు చాక్‌పీసులు తీసి, నూరి, నీళ్ళలో కలిపి, గుమస్తా ముందు కుడికాలికి మోకాలి దాకా తానే పట్టించారు. పని అంటూ చేశాక శ్రద్ధగా చేయడం ఆయన స్వభావం. అంచు గీత గీసినట్టు వచ్చింది. అచ్చాయమ్మగారు దాని నుదుట కుంకుమబొట్టు పెట్టారు. గుమస్తా ఇదంతా ఒక కన్ను తెరిచి చూసి, ఆ కన్ను మూసుకుంది.

నాలుగింటికి జీపు ఆగింది. బంగార్రాజుగారు అరవై ఏళ్ళ మనిషి, తెల్ల పంచె, ఎండకు కమిలిన ముఖం. ఒట్టి చేతులతో రాకూడదని అరటిపళ్ళ అత్తం తెచ్చారు. ఆయనకు ఉప్మా, సున్నుండలు పెట్టారు. కుర్చీ ఎదురుగా చాప, చాప మీద గుమస్తా.

"పేరేంటండి?" అన్నారు బంగార్రాజుగారు.

"మా కుక్క పేరు జువ్వ అండి," అన్నారు మాస్టారు. ఇది నిజం.

"ఆయ్, మంచి పేరండి. పరుగెలా ఉంటదండి?"

మాస్టారు గుమస్తా వైపు చూశారు. "దీన్ని పరిగెత్తగా నేనెప్పుడూ చూడలేదండి."

"పోనీ, గట్టిగా అరుస్తదాండి?"

"ఆ గొంతు నేను ఇంతవరకు వినలేదండి."

"ముందే చెప్పాను కదా అన్నయ్యగారూ," అన్నారు అచ్చాయమ్మగారు మురిసిపోతూ. "గడప దాటదు!"

"మరి పిట్టలవీ వస్తే?"

అప్పుడే ఒక కోడి వసారా ఎక్కి, చాప అంచున పడిన జీడిపప్పు ముక్కను గుమస్తా ముక్కు కిందనుంచి తీసుకుపోయింది. గుమస్తా దానికి వీలుగా ముక్కు కొంచెం పక్కకు జరిపింది.

"చూశారు కదండి," అన్నారు మాస్టారు.

జవాబు జవాబుకీ బంగార్రాజుగారి ముఖం కొద్దికొద్దిగా వాడుతోంది. మొహమాటస్తుడు కాబట్టి సున్నుండ చేతిలోకి తీసుకున్నారు. ఆ నేతి వాసనకు, ఆ రోజు మొట్టమొదటిసారిగా, గుమస్తా లేచి నిలబడింది.

"అయ్యో, చలేస్తున్నట్టుందండి దీనికి!" అంటూ అచ్చాయమ్మగారు పరుగున వచ్చి దాని నడుం మీదుగా తువ్వాలు కప్పారు. ఉక్కకు ఆవిడ నుదుటి మీదినుంచి చెమట కారుతోంది. గుమస్తా తువ్వాలుతో సహా వసారా దాటి బంగార్రాజుగారి కుర్చీ దగ్గరకు నడిచింది. వెనకాల ఎర్రటి గచ్చు మీద వరసగా తెల్లటి అడుగులు పడ్డాయి. ఒక కాలివే.

బంగార్రాజుగారు ఆ అడుగులను చాపదాకా చూపుతో కొలిచారు. "ఇవేంటండి?"

"కృష్ణాష్టమికండి," అన్నారు అచ్చాయమ్మగారు. "కిట్టయ్య పాదాలు."

"ఇంకా నెల పైనుంది కదమ్మా. పైగా ఒంటికాలి మీదొచ్చాడేంటి?"

"ముందుగా ఓ కాలు వేసి చూసుకుంటున్నామండి."

మాస్టారు వీధి వైపు చూశారు. తనను ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి చెప్పవలసిందీ లేదు. గుమస్తా సున్నుండ తిని, అక్కడే కూర్చుని, ముందుకాలు నాకడం మొదలుపెట్టింది. బంగార్రాజుగారు పంచె సర్దుకుని లేచారు.

"వెళ్ళొస్తానండి. ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాను."

ఆ మాట అర్థం గోదావరికి రెండు వైపులా అందరికీ తెలుసు. అచ్చాయమ్మగారు పదకొండు సంబంధాల్లో ఒక్కసారి కూడా విని ఎరగరు. ఆవిడకు రోషం తన్నుకొచ్చింది.

"ఉత్తరమేంటండి అన్నయ్యగారూ? మా పిల్లకేం తక్కువ? నచ్చకపోతే నచ్చలేదని మొహమ్మీదే చెప్పండి!"

"నొచ్చుకోకండమ్మా. ఏం చెప్పమంటారు, నా చెరువుల మీద నీటికాకులు పడిపోతన్నాయి. మునుగుతున్నాయి, చేపని మింగుతున్నాయి, గట్టెక్కి రెక్కలారబెట్టుకుంటున్నాయి. డబ్బాలు కొట్టించాను, టపాకాయలు పేల్పించాను. దిష్టిబొమ్మలు పెడితే వాటి నెత్తి మీదెక్కి కూర్చుంటున్నాయండి. ఈ చెరువులు తప్ప నాకు వేరే ఆధారం లేదు. రోజంతా గట్లెమ్మట పరిగెట్టే కుక్క కావాలి నాకు. అలుపన్నది తెలియకూడదు దానికి. మీరు గడప దాటదని కబురెట్టారు. రానంటే చెల్లెలు నొచ్చుకుంటదని వచ్చాను."

గుమస్తా కాలు నాకుతూనే ఉంది.

"అయినా వచ్చినందుకు నాకు లోటు లేదులెండి," అన్నారు బంగార్రాజుగారు. ఆయన గొంతు మారింది, మనిషి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. "వచ్చేదారిలో లాకుల దగ్గర చూశానండి ఒకదాన్ని. ట్రాక్టరు దమ్ము చేస్తాంది. వెనకాల కొంగలు. వాటెనకాల ఓ ఎర్రకుక్క. అరగంట జీపాపుకుని చూశాను. ఆయ్, ఆ పరుగు నా జన్మలో చూళ్ళేదు! బురదలో కాలు దిగబడితే గదా. కొంగ దిగబోతే అక్కడుంటది, లేచిందా, ఆగిపోద్ది. ఒక్కదాన్ని నోట కరిస్తే ఒట్టు. దానికి చంపడం కాదండి, పని కావాలి. మెళ్ళో తాడు, ఆ తాడుకి సైకిలు గంట కట్టారండి. ఎటు పోయిందీ వినబడాలని. ఎంత తెలివండీ! ఎవరోగాని మామూలు పెంపకం కాదది. ఆ పెంచినోళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి."

అచ్చాయమ్మగారు మాస్టారి వైపు చూశారు. మాస్టారు నేల వైపు చూశారు.

ఐదు నెలలుగా చాలామంది ఆ వసారాలోకి వచ్చి చాలా మాటలు చెప్పి వెళ్ళారు. అదృష్టవంతురాలన్నారు, పసుపుకుంకుమలతో పోయిందన్నారు, అనుభవించి వెళ్ళిందన్నారు. మాస్టారు అందరికీ దణ్ణం పెట్టారు. ఆ మాటల్లో ఏ ఒక్కటీ సీతారామలక్ష్మి గురించి అన్నట్టు ఆయనకు అనిపించలేదు. ఇది అనిపించింది.

"ముందు కాలొకటి తెలుపు కూడానండి," అంటున్నారు బంగార్రాజుగారు, "ఇదిగో, అచ్చం మీ దానిలాగే..." అని గుమస్తా కాలు చూసి ఆగారు. మోకాలి దాకా కాలంతా ఎర్రగా ఉంది. గుమస్తా మూతి తెల్లగా ఉంది. "ఇందాక ఉంది కదండి?"

"ఎండకి అలా అవుతుందండి," అన్నారు అచ్చాయమ్మగారు, ఏడుపు గొంతుతో.

ఆయన పెద్దమనిషి కాబట్టి ఆ సంగతి అంతటితో వదిలేశారు. వెళ్తూ వెళ్తూ జీపు దగ్గర మాస్టారి చెయ్యి పట్టుకున్నారు. "ఆ కుక్క ఎవరిదని ట్రాక్టరతన్ని అడిగితే తెలీదన్నాడండి. మీరు మాస్టారు కదా, ఊరంతా తెలిసే ఉంటారు. కాస్త కనుక్కుని ఓ కార్డుముక్క రాద్దురూ. వాళ్ళు ఇస్తానంటే మేళం పెట్టుకొచ్చి తీసుకెళ్తాను. బిడ్డలా చూసుకుంటానండి."

చూసుకుంటారని మాస్టారికి తెలిసింది. అబద్ధం చెప్పే చెయ్యి కాదది. ఎకరాలకొద్దీ చెరువుగట్లు, రోజంతా పని, దాని విలువ ఎరిగిన యజమాని. సీతారామలక్ష్మి స్వయంగా వెతికినా ఇంతకంటే మంచిచోటు దొరికేది కాదు. 'అది మా కుక్కేనండి' అనడానికి మూడు మాటలు చాలు. మాస్టారు నోరు తెరిచారు.

"కనుక్కుంటానండి," అన్నారు.

గుమస్తాను తోపుడుబండి ఎక్కించి పంపేశాక, గంట లేని సైకిలు మీద ఆయన లాకుల దగ్గరకు వెళ్ళారు. దూరంనుంచే గంట వినబడింది. ఆఖరి మడి దమ్ము నడుస్తోంది. మాస్టారు సైకిలు గట్టున పడుకోబెట్టి, దాని పక్కన కూర్చున్నారు. ఆ కుక్కను ఆయన రెండేళ్ళుగా గోడ దూకుతుండగా, వడియాలు తొక్కుతుండగా, చెప్పు కొరుకుతుండగా చూశారు. పని చేస్తుండగా చూడడం ఇదే. చేను ఈ చివరనుంచి ఆ చివరకు అది ఒక గీత గీసినట్టు వెళ్ళింది. మూల దగ్గర కొంగలు లేచాయి. అది నిలబడి, అవి సర్దుకునే దాకా ఓపిగ్గా చూసి, మళ్ళీ గీత గీసింది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా తప్పు లేదు. 'దానిది అల్లరి కాదండీ' అని సీతారామలక్ష్మి ఎన్నోసార్లు చెప్పేవారు. వెనకేసుకొస్తోందని అనుకునేవారాయన.

ట్రాక్టరు ఆపి డ్రైవరు చిట్టియ్య దిగాడు. "మీదా అండి మాస్టారూ? మద్దేనం నించి నాతోనే ఉందండి. అన్నం పెడితే నిలబడే తింది. రేపు కూడా పంపుతారాండి? నాకూ కాలక్షేపంగా ఉంది."

"పంపుతాను," అన్నారు మాస్టారు. నిజానికి రేపు దాన్ని ఎక్కడికి పంపాలో, తాను ఎక్కడ ఉండాలో, ఆయనకు అప్పటికి తెలియదు. ట్రాక్టరు చప్పుడు ఆగాక జువ్వ గట్టెక్కి, ఒళ్ళు దులిపి బురదంతా ఆయన చొక్కా మీదికి చేర్చి, పక్కన కూర్చుంది. చీకటి పడబోయే దాకా కూర్చునే ఉంది.

ఇంటి దగ్గర అచ్చాయమ్మగారు వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు. జువ్వను చూశారు, మాస్టారి చొక్కాను చూశారు.

"దొరికిందాండి?"

"దొరికిందండి. మీరు పెట్టిన గడువు ఈ రోజుతో అయిపోతుంది. ఒక్క ఫోను చేస్తే రాజుగారి జీపు పొద్దున్నే వస్తుంది. మీరు చెయ్యమంటే చేస్తాను," అన్నారు మాస్టారు. ప్రతి మాటా బరువుగా, విడివిడిగా వచ్చింది.

"చేస్తే చూడండి మరి! నా వసారాలో కూర్చుని, నా సున్నుండలు నాలుగు తిని, ఉత్తరం రాస్తానంటాడా? నాతో! పదకొండు సంబంధాలు చేశాను, ఒక్క మగపెళ్ళివారు ఆ మాటన్నారా? ఇప్పుడు ఆయనగారు మేళం పెట్టుకొస్తానన్న కుక్క ఇదేనని చెబితే, ఆ ఎదవ కుక్కకి సుద్ద పూసింది మనమేనని కూడా చెప్పాలి. మా తోటికోడలు నన్ను బతకనిస్తుందా? అంత పనిమంతురాల్ని చెరువుగట్ల మీద కాకుల్ని తోలడానికి ఇస్తామాండి? మనకేం గతిలేకా?"

"మరి వడియాలండి?"

"మేడ మీద పెట్టుకుంటాను. ఎక్కడానికి నాకు కాళ్ళు లేవా?"

జువ్వ ఆవిడ పక్కనుంచి దూసుకుపోయి నూతి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అచ్చాయమ్మగారు కాసేపు లెక్కపెట్టి, పదహారు దాకా వచ్చి, వదిలేసి లోపలికి వెళ్ళారు.

ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చింది. మాస్టారు రోజూ తెల్లవారుజామున జువ్వను ఏ చేలో ట్రాక్టరుంటే ఆ చేనికి తీసుకెళ్ళి, బడి టైముకు తీసుకొస్తున్నారు. చిట్టియ్యతో పాటు ఇంకో ఇద్దరు డ్రైవర్లు దానికోసం ఎదురుచూస్తున్నారు. బంగార్రాజుగారి దగ్గర్నించి రెండు ఉత్తరాలు వచ్చాయి. జువ్వే అందుకుంది. నీటికాకులు ఇంకా ఎక్కువయ్యాయని, ఆ కుక్క ఎవరిదో తెలిస్తే దయచేసి తెలియజేయవలసిందని, రెండో ఉత్తరంతో పాటు జవాబు కోసం ఒక కార్డు కూడా జత చేశారు.

మాస్టారు ఆ కార్డు మీద తేదీ వేశారు. 'గౌరవనీయులైన శ్రీ బంగార్రాజుగారికి నమస్కరించి' అని రాశారు. మిగతాది ఇంకా రాయవలసి ఉంది.